పదకొండు సెకన్ల వార్త

నలభై చానెళ్ల సాయంత్రం వార్తలు ఒక్కసారిగా పెట్టెలోకి వెళ్లాయి. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, గంట తర్వాత పదకొండు సెకన్ల వార్త బయటికొచ్చింది. "ఏటి మీద కొత్త వంతెన కూలింది. ముగ్గురు చనిపోయారు."

అంతే. ఎవరి కుట్రో, ఎవరి చేతగానితనమో, ఏదీ లేదు. డాక్టర్ సౌదామిని సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టింది. ల్యాబ్‌లో ఇంకెవరూ లేరు.

ఆ యంత్రానికి ఆమె పెట్టిన పేరు చేట. ఒకే సంగతిని అన్ని చానెళ్లూ ఎలా చెప్పాయో పోల్చి, అందరూ ఒప్పుకున్న ముక్కనే ఉంచుతుంది. మిగతాది ఊకలా చెరిగేస్తుంది.

2061 నాటికి విజయనగరంలో ప్రతి ఇంటికీ ఇంటిపేరుతో పాటు ఒక చానెల్ ఉండేది. పెళ్లిచూపుల్లో గోత్రం కంటే ముందు అదే అడిగేవారు. సౌదామినిది ఒక చానెల్, ఆమె 'అప్పా' అని పిలిచే అక్క హైమావతిది ఇంకొకటి. అమ్మ సంవత్సరీకం నాడు పింఛన్ల వార్త మీద మాటా మాటా పెరిగింది. "మీ చానెల్ వాళ్లూ, మీరూ అమ్ముడుపోయారు" అని సౌదామిని నోరు జారింది. హైమావతి విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. ఆరేళ్లయింది. ఇద్దరి ఇళ్లకూ మధ్య రెండే వీధులు. దేశం బాగు కోసమే చేట చేశానని సౌదామిని అందరికీ చెప్పుకునేది గానీ, ఆమెకు కావలసిందల్లా అక్క మళ్లీ మాట్లాడటమే.

మర్నాడు పెట్టె పట్టుకుని వెళ్లింది. హైమావతి తలుపు తీసి, పక్కకు తప్పుకుంది.

"ఇందులో నీ వార్తా లేదు, నా వార్తా లేదప్పా. జరిగింది మాత్రమే ఉంటుంది."

"ఏదీ, పెట్టు."

ఇద్దరూ విన్నారు. "అయ్యో, పాపం" అంది హైమావతి. "పాపం" అంది సౌదామిని. ఆరేళ్ల తర్వాత ఇద్దరి నోటా ఒకే మాట. సౌదామినికి ఏడుపొచ్చింది. పెట్టె అక్కడే ఉంచి, తన పని అయిపోయిందనుకుని ఇంటికొచ్చేసింది.

నెల తర్వాత ఒక సాయంత్రం హైమావతే ల్యాబ్‌కొచ్చి, పెట్టెను బల్ల మీద పెట్టింది.

"ఏం, పాడైందా?"

"లేదే, బానే పనిచేస్తంది. పదకొండు సెకన్లు మాటాడి ఊరుకుంటాది. ఆ తర్వాత ఇంట్లో గోడలే."

"మళ్లీ ఆ అబద్ధాలే వింటావా అప్పా?"

"అబద్ధాలని నాకు తెలీదేటే? రోజూ ఏడింటికి ఆ చానెలబ్బాయి నా వేపు చూసి, 'అమ్మా, మీకెంత అన్యాయం జరిగిందో చూశారా' అంటాడు. నన్నలా అడిగినోళ్లు ఇంకెవరున్నారు?"

"నేను లేనా?"

"నెల్లాళ్లయింది. నీ పెట్టె వచ్చింది, నువ్వు రాలేదు."

సౌదామినికి సిగ్గుతో తల వాలిపోయింది. "కూర్చో అప్పా, టీ పెడతాను."

హైమావతి గోడ గడియారం చూసింది. "ఏడు కావస్తంది. అబ్బాయి వచ్చే వేళైంది" అంటూ గబగబా మెట్లు దిగి వెళ్లిపోయింది.