నవంబరు పుస్తకంలో ఒక పేరు

పొద్దున ఎనిమిదిన్నర. కొడుకు మహిధర్ అప్పటికే ఆఫీసుకి వెల్లింగ్టన్ ట్రైనెక్కి వెళ్లిపోయాడు. లోవర్ హట్‌లోని ఆ ఇంట్లో కోడలు నిరుపమ వెనక గదిలో తలుపేసుకుని ఆఫీసు మీటింగులో ఉంది. శకుంతల చీర కాస్త పైకి దోపుకుని, కోడలి జాకెట్ తొడుక్కుని, గుమ్మం పక్కన వంగి వెతుకుతోంది.

"ఏమండీ, నా బూట్లు చూశారా?"

పట్టాభిరామయ్య సోఫాలోంచి కదల్లేదు. ఫోన్లోంచి తలెత్తకుండానే అన్నాడు. "చూశాను. కారు డిక్కీలో పెట్టి తాళమేశాను."

"ఎందుకూ?"

"ఇవాళ బుధవారం కాబట్టి. ఆ చర్చి ముసలమ్మలతో నువ్వు ఊరేగడం నాకిష్టం లేదు కాబట్టి."

శకుంతల నడుం పట్టుకుని నిలబడింది. భర్త వంక ఒకసారి చూసి జాకెట్ జిప్పు పైకి లాక్కుంది. అది ఆయనకి మరింత మంట పుట్టించింది.

ప్రొద్దుటూరు జూనియర్ కాలేజీలో ముప్ఫై నాలుగేళ్లు లెక్కలు చెప్పిన మనిషి ఆయన. క్లాసులో ఆయన మాటకి ఎదురుండేది కాదు, ఇంట్లోనూ ఉండేది కాదు. ఈ పరాయి దేశానికి కొడుకు దగ్గరకొచ్చి ఏడాదవుతున్నా, ఇంగ్లీషు బాగా వచ్చిన ఆయనకి ఇక్కడ ఒక్క స్నేహితుడూ కుదరలేదు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడా సరిగా రాని శకుంతలకి మాత్రం పదిమంది కుదిరారు. రెండు నెలల కింద నది కట్ట మీద ఒంటరిగా నడుస్తుంటే, "మాతో రామ్మా" అని చేరదీశారట. ప్రతి బుధవారం వాళ్లు చర్చి హాల్లో కలుస్తారు. గంటసేపు కట్ట మీద నడుస్తారు. తిరిగొచ్చి టీ తాగి, సూపు డబ్బాలూ బ్రెడ్డూ సంచుల్లో సర్ది, బయటికి రాలేని వృద్ధుల ఇళ్లకి నడిచే వెళ్లి ఇచ్చి వస్తారు.

మొదట్లో పట్టాభిరామయ్య గొణిగి ఊరుకున్నాడు. మొన్న ఆదివారం తెలుగువాళ్ల భోజనాల్లో కృష్ణారావు అనే ఆయన పదిమందిలో నవ్వుతూ, "మాస్టారూ, మేడమ్‌గారి బాప్తిస్మానికి మమ్మల్నీ పిలుస్తారా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆయన చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది.

"నీకు అర్థం కావడం లేదు," అన్నాడు గొంతు పెంచి. "ఈ సూపులూ టీలూ ఊరికే కాదు. నిన్ను కలుపుకోవడానికి!"

"నన్ను కలుపుకుని వాళ్లేం చేసుకుంటారు? అరవై ఏడేళ్లదాన్ని."

"నవ్వులాటగా ఉందా? పరువు పోతోంది ఇక్కడ!"

వెనక గది తలుపు తెరుచుకుంది. నిరుపమ చెవుల మీది హెడ్‌ఫోన్స్ మెడలోకి లాక్కుంటూ వచ్చింది. "మామయ్యా, కొంచెం మెల్లగా... మీటింగులో వాళ్లకి వినిపిస్తోంది."

"వినిపించనీ! నీ అండ చూసుకునే ఈవిడ ఇలా తయారైంది. జాకెట్లు ఇచ్చి మరీ సాగనంపుతున్నావుగా!"

నిరుపమ ముఖం ఎర్రబడింది. "చలిగా ఉందంటే ఇచ్చాను. అత్తయ్య ఈ ఇంట్లో ఖైదీ కాదు మామయ్యా."

"నా భార్య సంగతి నువ్వు నాకు చెప్పక్కర్లేదు!"

తలుపు ధడేల్‌మని మూసుకుంది.

శకుంతల పెరటి తలుపు దగ్గరున్న రబ్బరు చెప్పుల్లో కాళ్లు దూర్చింది. సంచీ భుజాన వేసుకుంది.

"ఇవాళ గడప దాటావంటే..." అని వేలు చూపించాడు పట్టాభిరామయ్య.

"దాటితే?"

ఆయన వేలు కిందికి దిగింది. నలభై మూడేళ్ల కాపురంలో ఆ ప్రశ్న ఆమె ఎప్పుడూ వేయలేదు. ఆమె తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

గంటన్నర సేపు ఆయన హాల్లో అటూ ఇటూ తిరిగాడు. టీ పెట్టుకుంటే పొంగిపోయింది. కోడలు గదిలోంచి బయటికి రాలేదు. ఇక ఉండబట్టలేక కోటు వేసుకుని బయల్దేరాడు. ఈదురుగాలి ముఖం మీద కొడుతోంది. ఆ గాలి మీద కూడా కోపం వచ్చింది ఆయనకి.

చర్చి పక్కనే పెంకుల కప్పు హాలు. లోపల పొడవాటి బల్ల చుట్టూ ఎనిమిది మంది దాకా ఉన్నారు, అందరూ నెరిసిన తలలే. వాళ్ల మధ్య శకుంతల బ్రెడ్డు ప్యాకెట్లు సంచుల్లో వేస్తోంది. చలికి ఆమె కాలివేళ్లు కందిపోయి ఉన్నాయి. పక్కావిడ ఏదో అంటే పగలబడి నవ్వింది. భార్య అలా నవ్వడం ఆయన చూసి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు. ఆ నవ్వు ఈ హాల్లో ఉండి తన ఇంట్లో లేకపోవడం ఆయనకి కారం రాసినట్టయింది.

పొడవాటి తెల్లావిడ ఎదురొచ్చింది. ఆవిడే ఐలీన్ అని, ఈ బృందాన్ని నడిపేది ఆవిడేనని శకుంతల మాటల్లో విని ఉన్నాడు.

"మీరు శకుంతల భర్త కదూ? రండి, టీ తాగండి."

"టీకి రాలేదు. నా భార్యని తీసుకెళ్లడానికి వచ్చాను," అన్నాడు క్లాసులో పాఠం చెప్పినట్టు ఇంగ్లీషులో.

ఆ మాట అంటూ పక్కకి చూశాడు. గోడవార చిన్న బల్ల మీద కొవ్వొత్తి వెలుగుతోంది. దాని ముందు లావుపాటి పుస్తకం తెరిచి ఉంది. ఆయన చూపు గమనించి ఐలీన్ చెప్పింది. "నవంబరు నెలంతా మా వాళ్లలో పోయినవాళ్ల పేర్లు అందులో రాస్తాం. వాళ్లని తలుచుకుని ప్రార్థన చేస్తాం. ఎవరైనా రాయొచ్చు."

ఇంగ్లీషు పేర్ల వరసలో మధ్యన తెలుగు అక్షరాలు కనిపించాయి. శకుంతల గుండ్రటి చేతిరాత.

ప్రణీత. పంతొమ్మిదేళ్లు.

పట్టాభిరామయ్య ఒక్క అంగలో ఆ బల్ల దగ్గరికి వెళ్లాడు. మరుక్షణం పుస్తకం ఆయన చేతిలో ఉంది.

"ఎవర్నడిగి రాశావు?" తెలుగులో అరిచాడు. "ఎవర్నడిగి రాశావే ఈ పేరు?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. ఇరవై రెండేళ్లుగా ఆయన ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. ఫోటోలన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేయించాడు. అక్క ఊసెత్తిన ప్రతిసారీ మహిధర్‌ని కసిరి నోరు మూయించాడు.

"ఏం చెప్పావు వీళ్లకి?" ఆయన గొంతు కీచుగా మారిపోయింది. "జ్వరంతో ఉన్న పిల్లని పరీక్షకి తరిమాడని చెప్పావా? ఆస్పత్రికి తర్వాత వెళ్లొచ్చన్నాడని చెప్పావా? కన్నతండ్రే చంపాడని చెప్పావా?"

తన నోట్లోంచి ఏం వచ్చిందో తన చెవిన పడ్డాక ఆగిపోయాడు. ఆ మాటలు ఇన్నేళ్లలో ఎవరూ ఆయన్ని అనలేదు.

శకుంతల దగ్గరికొచ్చి, ఆయన వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, పుస్తకం తీసుకుని బల్ల మీద పెట్టింది.

"నాకొచ్చిన నాలుగు ముక్కల్లోనే, దానికి పచ్చి చింతకాయలంటే ప్రాణమని చెప్పాను," అంది. "చేతులొదిలేసి సైకిలు తొక్కేదని చెప్పాను. నీ కూతురు ఎలా ఉండేది అని ఐలీన్ అడిగింది. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు. మీరు అడగనివ్వలేదు. మీరు ఏడవలేదు, నన్ను ఏడవనివ్వలేదు."

"శకుంతలా..."

"వాళ్ల దేవుడి కోసం రాలేదు నేను. నా దేవుడు మనింట్లోనే ఉన్నాడు, రోజూ దీపం పెడుతూనే ఉన్నాను. నా బిడ్డ పేరు గట్టిగా అనుకోవడానికి ఒక చోటు కావాలి. అది మీ ఇంట్లో లేదు. ఇక్కడ ఉంది. అందుకు మీ పరువు పోతే పోనివ్వండి."

రెండు సంచులు చేతికి తగిలించుకుని వెనక్కి చూడకుండా బయటికి నడిచింది.

పట్టాభిరామయ్య కోటు బొత్తాలు పెట్టుకున్నాడు. అక్కడున్నవాళ్లకి తెలుగు మాటలు అర్థమై ఉండవు. అయినా ఎవరి ముఖంలోకీ చూడలేకపోయాడు. ఐలీన్ కుర్చీ లాగి వేసింది. ఆయన కూర్చోలేదు. ఆవిడ బల్ల మీది ఇంకో సంచీ తెచ్చి ఆయన ముందు పట్టుకుంది.

"ఇదీ ఆమె ఇవ్వాల్సిన ఇళ్లకే. మర్చిపోయి వెళ్లింది. బరువుగా ఉంటుంది. మీరు పట్టుకెళ్తారా?"

ఆవిడ ముఖంలో కోపం లేదు, జాలీ లేదు. ఆయన సంచీ అందుకున్నాడు.

రెండో వీధి మలుపులో శకుంతలని అందుకున్నాడు. ఆమె ఆగలేదు. ఆయన ఆయాసపడుతూ పక్కనే నడిచాడు. సగం వీధి దాటాక మొదలుపెట్టాడు.

"ఆ రోజు పొద్దున అది నన్నడిగింది. నాన్నా, ఇవాళ వెళ్లకపోతే ఏమవుతుంది అని. ఏడాది పోతుందన్నాను."

శకుంతల నడక ఆగింది.

"తెలుసు. వంటింట్లోంచి విన్నాను."

"విన్నావా?"

"విన్నాను. విని కూడా పెరుగన్నం తినిపించి, తల దువ్వి పంపాను. ఒళ్లు కాలుతోందని నా చేతికి తెలుస్తూనే ఉంది. మీరొక్కరే పంపారనుకున్నారా?"

ఆయన పేవ్‌మెంటు మీద అలాగే నిలబడిపోయాడు. సంచీ కింద పెట్టి ఎవరిదో ప్రహరీ పట్టుకున్నాడు. కన్నీళ్లు కోటు మీద పడుతున్నా తుడుచుకోలేదు.

"ఒక్కసారి నాతో అని ఉంటే సరిపోయేది కదండీ," అంది శకుంతల. "ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్లం."

"ఎలా అంటాను? నేనే చంపానా అని అడిగితే... నువ్వు అవునంటావేమోనని భయం."

ఆమె చీరకొంగుతో ఆయన ముఖం తుడిచింది. నడివీధిలో అలా చేయడం ఇద్దరికీ కొత్త. కింద పెట్టిన సంచీ తీసి ఆయన చేతికిచ్చింది. "పదండి. సూపు చల్లారిపోతుంది."

వాళ్లు తలుపు కొట్టిన ఇంట్లో తొంభై దాటిన పెద్దాయన ఉన్నాడు. వాకర్ పట్టుకుని నెమ్మదిగా వచ్చి తలుపు తీశాడు. శకుంతలని చూసి బోసినోటితో నవ్వాడు. వెనకున్న మనిషిని చూపించి ఎవరని అడిగాడు.

"మై హస్బెండ్," అంది శకుంతల.

పెద్దాయన చెయ్యి కలిపాడు. లోపలికి రమ్మన్నాడు. ఎన్నాళ్లుగానో మాట్లాడే మనిషి కోసం చూస్తున్నట్టు ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. ఏ ఊరు, ఏం ఉద్యోగం చేసేవారు, పిల్లలెంతమంది.

ఒక్కడే కొడుకు అన్న జవాబు పట్టాభిరామయ్య నోటికి అలవాటైపోయింది. పెదవులు దాని కోసమే కదిలాయి. ఆయన ఆ మాట మింగేశాడు.

"ఇద్దరు," అన్నాడు. "పెద్దది అమ్మాయి. పేరు ప్రణీత."

సూపు డబ్బా మూత తీస్తున్న శకుంతల చేతులు ఆగిపోయాయి.

"చక్కటి పేరు," అన్నాడు పెద్దాయన. "ఆ అమ్మాయి గురించి చెప్పండి."

పట్టాభిరామయ్య కుర్చీ దగ్గరకి లాక్కుని కూర్చున్నాడు.