ఐసు కరిగిన పెట్టె

ఐసులో ఉంచిన చెరువు నీళ్ళలో ముంచితే, ఈసారి కూడా పెన్ను ముల్లు నీలంగా మారలేదు.

కోస్తిన్ దాన్ని ప్యాంటుకు తుడిచి, బైనాక్యులర్స్‌లో దాచిన రేడియో నొక్కాడు. "లకుముకి మాట్లాడుతున్నా. చెరువు నీళ్ళలో ఏమీ లేదు."

"నీ ముందు వెళ్ళిన ఏజెంటూ అదే చెప్పాడు," అన్నాడు బుకారెస్టు నుంచి చీఫ్. "తర్వాత రెల్లులో శవమై తేలాడు. ఆ నీళ్ళలో ఏదో కలిపారు. మధ్యాహ్నం తూము ఎత్తుతారు. రుజువు లేకుండా ఇంజనీరు ఆపడు."

"రుజువు ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?"

లైన్ కట్టయింది.

ఏటా వేసవిలో ఆ చేపల చెరువు నీళ్ళు సరస్సులోకి వదిలి, డాన్యూబ్ కొత్తనీరు పెట్టడం మామూలే. ఈసారి వదిలితే సరస్సు విషమెక్కుతుంది. చేపలు పోతాయి, వెనకే ఊరూ ఖాళీ అవుతుంది. అప్పుడిక సరిహద్దు కాలువలో ఆయుధాల పడవలు తిరిగినా చూసే కన్ను ఉండదు. విదేశీ ముఠాకు కావలసింది అదే.

"పిట్టల బాబూ!" వల బాగుచేసుకుంటూ కేకేశాడు గడ్డం నికీఫోర్. కోస్తిన్ వచ్చింది పక్షుల లెక్కల ఉద్యోగి వేషంలో. "పొద్దున్నించీ నీళ్ళే చూస్తున్నావు. కొంగలు అడుగున కాపురం పెట్టాయా?"

కోస్తిన్ బైనాక్యులర్స్ ఆకాశంకేసి తిప్పాడు.

అప్పుడే మోటారు పడవలో డాక్టర్ ఇలింకా వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, తెల్ల గౌను. అతనికి సాయంగా మంత్రిత్వశాఖ పంపిన నిపుణురాలు. రోజూ తానే ఐసు తెస్తుంది.

"శాంపిళ్ళు చల్లగా ఉంచండి కోస్తిన్ గారూ. వేడెక్కితే పనికిరావు." ఐసు అందించి, నవ్వి, తూము వైపు పోయింది.

కొత్త ఐసు పోద్దామని కోస్తిన్ నికీఫోర్ పాకలోకెళ్ళి, అక్కడ దాచిన తొలిరోజు సీసాల పెట్టె తెరిచాడు. అడుగున గోరువెచ్చని తడి మాత్రమే ఉంది.

"ఇందులో ఐసేదయ్యా?" అని బయటున్న నికీఫోర్‌కు కేకేశాడు.

"మొన్న వాలుగ చేప కింద వేశా. ఇంత వాలుగ పడితే ఎండలో పడెయ్యమంటావా?"

"నా నీళ్ళు కుళ్ళిపోయాయి కదయ్యా!"

"కుళ్ళితే పారబోసి మళ్ళీ ముంచుకో. ఏట్లో నీళ్ళకి కరువా?"

కోపం ఆపుకోలేక చెరువు సీసా మూత లాగాడు, పారబోద్దామని. గుర్రాల సాల కంపు గుప్పున కొట్టింది. చెయ్యి ఆగిపోయింది. పెన్ను ముంచాడు. ముల్లు ముదురు నీలమైంది.

అదే పెట్టెలో, అంతే వేడికి నిలవున్న ఏటి నీళ్ళ సీసాలో ముంచాడు. మారలేదు.

యూరియా! నీళ్ళలో కరిగిన సేంద్రియ నత్రజని. ముడి కట్టిన మూటలాంటిది, అమ్మోనియాను మాత్రమే పట్టే పెన్నుకు కనబడదు. వెచ్చదనంలో సూక్ష్మజీవులు ఆ ముడి విప్పితే అమ్మోనియా బయటికొస్తుంది. ఐసులో అవి నిద్రపోతాయి.

ఐసు తెచ్చేది ఎవరు?

రెండు సీసాలూ పట్టుకుని తూము దాకా పరుగెత్తాడు. నికీఫోర్ తెడ్డుతో వెంటబడ్డాడు. ఇంజనీరు పవేల్ చక్రం తిప్పుతున్నాడు. షట్టరు కదిలింది.

"ఆపండి!"

"వేడెక్కిన శాంపిల్ చెల్లదు ఇంజనీరు గారూ," అంది ఇలింకా మెల్లగా. "అది రూలు."

"రూలే మరి," అన్నాడు పవేల్, చెయ్యి తియ్యకుండా.

కోస్తిన్‌కు ఏడుపొక్కటే తక్కువ. "రూలు తర్వాత. ముందు వాసన చూడవయ్యా! ఇది ఏరు, ఇది నీ చెరువు. రెండూ ఒకే పెట్టెలో వేడెక్కాయి."

పవేల్ మొదటిది చూశాడు. రెండోది చూసి దగ్గుతూ వెనక్కి పడ్డాడు.

ఇలింకా లిప్‌స్టిక్ తీసింది. దాని కొసన తూటా రంధ్రం. నికీఫోర్ తెడ్డు ఆమె మణికట్టు మీద పడింది. తూటా ఆకాశంలోకి పోయింది, లిప్‌స్టిక్ కాలువలోకి.

ఆమెను నికీఫోర్ తెడ్డుతో అదిమి పట్టగా, పవేల్, కోస్తిన్ కలిసి చక్రం మీద పడ్డారు. నీళ్ళు సరస్సులోకి దూకబోయే క్షణంలో షట్టరు మళ్ళీ దిగి కూర్చుంది.

పవేల్ కళ్ళు తుడుచుకున్నాడు. "ఎత్తమని ఆర్డరుంది గానీ దించమని లేదు. ఎవరు దించమన్నారంటే ఏం చెప్పను?"

వేషంలో ఉన్న కోస్తిన్ పేరు చెప్పడానికి లేదు.

"నేనని చెప్పు," అన్నాడు నికీఫోర్. "నన్ను తిట్టడం వాళ్ళకి అలవాటే."