తొడుగు మీద నడికట్టు

వియన్నాలో కచేరీ మధ్యలో క్లారినెట్ ఆగిపోయింది. వాయిస్తున్న రోనాయ్ వేదిక మీదే ప్రాణం విడిచాడు. వాద్యం మూతికి విషం పూసి ఉంది.

"ఇద్దరు సాక్షుల్లో ఒకడు పోయాడు," అన్నాడు కర్నల్ హలాస్, బుడాపెస్ట్ ఆఫీసులో తలుపు మూసి. "మిగిలింది ప్రొఫెసర్ కార్డోష్. సోమవారం ఆయన కోర్టులో నోరు విప్పితే ఆ విదేశీ ముఠా మొత్తం జైల్లో ఉంటుంది. వాళ్ళ విషం చేతికంటితే ఏం కాదు. పెదవికి తగిలితే చాలు."

"అంతవరకూ ఆయన్ని దాచెయ్యండి," అన్నాడు ఏజెంట్ ఆర్మిన్ లోవి.

"శనివారం వాళ్ళ నాన్న సంవత్సరీకమట. ప్రార్థనకి సినగాగ్‌కి వెళ్ళి తీరతానంటున్నాడు. నువ్వు కూడా యూదుడివేగా?"

"పుట్టుక వరకూ సార్. తర్వాత అంత తీరిక దొరకలేదు."

శుక్రవారం మధ్యాహ్నం, పెచ్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు వేషంలో ఆర్మిన్ సినగాగ్ టికెట్ల కిటికీ ముందు నిలబడ్డాడు. కింద ప్రార్థన, పైన ఆడవాళ్ళ గ్యాలరీలో మ్యూజియం.

"మా తాతగారిచ్చిన దీపస్తంభం ఇక్కడే ఉందా?" అని అడిగాడు.

"ఉంది. ఒక కొమ్మ విరిగింది," అంది కిటికీ వెనకనున్న ఎడిత్.

కోడ్ కలిసింది. మ్యూజియం బాధ్యురాలు ఎడిత్ పోర్గెస్ రెండేళ్ళుగా ముఠాలో చేరి డిపార్ట్‌మెంట్‌కి కబుర్లు అందిస్తోంది. ఆమె వేలికున్న ఉంగరం ఆర్మిన్ తొడిగిందే. వసంతంలో పెళ్ళి.

అద్దాల బీరువాల మధ్య నడుస్తూ ఆమె సంగతి చెప్పింది. విషం రేపు ప్రొఫెసర్‌కిచ్చే వైన్ గ్లాసులో. అదీకాక పవిత్ర గ్రంథం తోరా చుట్టలుంచే మందసంలో బాంబు పెట్టారేమోనని అనుమానంగా ఉందట, తను వెతుకుతానంది. మందసం తాళంచెవిని భద్రత కోసం కర్నల్ ఆర్మిన్ చేతికే ఇప్పించాడు. రెండో ఆలోచన లేకుండా ఇచ్చాడు. గంట తిరక్కుండానే తిరిగి తెచ్చిచ్చింది. బాంబేమీ లేదంది.

శనివారం ఉదయం ఆర్మిన్ సిగరెట్ పెట్టెలోంచి పరీక్ష కాగితం తీసి రహస్యంగా వైన్‌లో ముంచాడు. కాగితం తెల్లగానే ఉంది. విషం లేదు. అంటే మరెక్కడో ఉంది.

"డాక్టరుగారూ, ప్రార్థన శాలువా తిరగేసి కప్పుకున్నారు," అన్నాడు సినగాగ్ కాపరి, ముసలి నాథన్. "పళ్ళు కూడా ఇలాగే పీకుతారా?"

మందసం తెరిచారు. నాథన్ తోరా చుట్టను ఎత్తుకుని, చూసి, గొణిగాడు. చుట్టను బిగించే నడికట్టు మఖ్మల్ తొడుగు లోపల ఉండాలి. ఇది తొడుగు పైన ఉంది. పైన కట్టారంటే ఆ చుట్టలో తప్పుందని, చదవడానికి పనికిరాదని గుర్తు.

"నిన్న నేనే చూసుకున్నాను, నిక్షేపంలా ఉంది. మ్యూజియం చుట్టలా కట్టిందెవరు?" అంటూనే విప్పి బల్ల మీద పరిచాడు.

పురోహిత వంశం కాబట్టి తోరా చదవడానికి మొదటి పిలుపు ప్రొఫెసర్‌దే. ఆయన మెట్లెక్కి, శాలువా కుచ్చును చదవబోయే మొదటి మాటకు ఆనించాడు. ఇక ఆచారం ప్రకారం ఆ కుచ్చును ముద్దు పెట్టుకోవాలి.

మ్యూజియం చుట్ట. ఆర్మిన్‌కి ఎడిత్ చేతికిచ్చిన తాళంచెవి గుర్తొచ్చింది.

రెండు బల్లలు దూకి ప్రొఫెసర్ మణికట్టు పట్టేశాడు. కుచ్చు పెదవికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. మందిరమంతా అతన్ని తిట్టింది. కుచ్చుకు ఆనించిన కాగితం నీలంగా మారేసరికి అందరూ ఊరుకున్నారు.

ఎడిత్ గ్యాలరీలో అద్దాల బీరువాల మధ్యే నిలబడి ఉంది. కిందికి దిగేందుకున్న ఒకే ఒక్క మెట్లదారిలో కర్నల్ మనుషులున్నారు.

"వైన్ అన్నావు," అన్నాడు ఆర్మిన్.

"నువ్వు నమ్మావు. ఎలా దొరికాను?"

"నడికట్టు పైన కట్టావు."

ఆమె కాసేపు తన చేతులకేసి చూసుకుంది. "నాలుగేళ్ళుగా ఇక్కడ పనికిరాని చుట్టలే కడుతున్నాను. చేతులకి అదే అలవాటైంది."

"నా సంగతేమిటి? మొదటినుంచీ నాటకమేనా?"

"తాళంచెవి అడిగేదాకా కాదు, ఆర్మిన్. ఒకవేళ నువ్వు ఇవ్వనంటే ఆగిపోదామనుకున్నాను."

ఉంగరం తీసి బీరువా అద్దం మీద పెట్టింది. అద్దం కింద మూడొందల ఏళ్ళనాటి పెళ్ళి ఉంగరం, దాని మీద బుల్లి బంగారు ఇల్లు.

ఆమెను తీసుకుపోయాక నాథన్ ఆయాసపడుతూ పైకొచ్చాడు. విషం అంటిన చుట్టను గుడ్డతో పట్టుకుని, నడికట్టు తొడుగు మీదనే బిగించి, ఖాళీ బీరువాలో పెట్టాడు.

"ఇప్పుడిది నిజంగానే మ్యూజియంది," అన్నాడు.

"మనుషులక్కూడా ఇలా పైకి కట్టే ఆచారం ఉంటే బాగుండేది, బాబాయ్," అన్నాడు ఆర్మిన్ ఉంగరం జేబులో వేసుకుంటూ.

"ఉంటే నీ ఉద్యోగం ఊడేది. పద, ప్రార్థన సగంలో ఆపేశావు. ముందా శాలువా సరిగ్గా కప్పుకో."