నీళ్ళెరగని సిలిండర్

"ఏజెంట్ సెవెంటీన్! బంకర్ నైన్ ప్లాన్ కాపీ అయింది. మైక్రోఫిల్మ్ ఈరోజే బేస్ దాటి విదేశీ ముఠా చేతికి వెళ్తుంది. ఆపు."

పెన్నులోని ట్రాన్స్‌మిటర్ మూగబోయింది. జయరాజు దాన్ని జేబులో పెట్టుకుని కిటికీలోంచి చూశాడు. 1982 జూలై. నెవాడా ఎడారిలో ఇరవై మైళ్ళ పొడవున లేస్తున్న మిలిటరీ బేస్. కాంక్రీట్ ఇన్‌స్పెక్టర్ వేషంలో పదకొండు నెలలుగా అతనక్కడే పడి ఉన్నాడు.

అన్ని నెలల్లో అతనితో తెలుగు మాట్లాడిన మనిషి ఒక్కరే. టెస్టింగ్ ల్యాబ్ ఇన్‌చార్జి విమలకుమారి. బాపట్ల పిల్ల. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర స్పోర్ట్స్ కారు, సైటంతా తల తిప్పి చూసే అందం. ఆదివారం ఇద్దరూ ఆమె ట్రైలర్‌లో తెలుగు బైబిలు చదువుకుని, డబ్బా చేపలతో ఆమె పెట్టిన పులుసు తినేవారు. మిగతా ఆరు రోజులూ జయరాజు ఆ పూట కోసమే బతికేవాడు. చెప్పుకుంటే సిగ్గుచేటు, కానీ నిజం.

గేటు దగ్గర కాగితం ముక్క కూడా చెక్ చేస్తారు. బలం పరీక్షకని పోతపోసి బయటి ల్యాబ్‌కి పంపే కాంక్రీట్ శాంపిల్ సిలిండర్లను మాత్రం ఎవరూ పగలగొట్టి చూడరు. జయరాజు పరుగున ల్యాబ్‌కి వెళ్ళాడు.

ట్రక్కు ఇంజన్ ఆన్‌లో ఉంది. పక్కనే కాగితాలు పట్టుకుని విమలకుమారి నిలబడి ఉంది. సిలిండర్లన్నీ అప్పుడే నీళ్ళ ట్యాంకులోంచి తీసినట్టు తడితో నల్లగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం తెల్లగా పొడిబారి ఉంది. కాంక్రీట్ తెలిసినవాళ్ళెవరూ శాంపిల్‌ని నీళ్ళలో నానబెట్టకుండా ఉంచరు. లోపల తడవకూడనిది ఉంటే తప్ప.

"దీనికి స్నానం చేయించలేదేంటండీ?"

"మర్చిపోయానండీ, జయరాజు గారూ. లేట్ అవుతోంది, సైన్ చేసేయండి."

ఆమె దేన్నీ మర్చిపోయే మనిషి కాదు. సంతకం పెడితే ఆదివారం మిగులుతుంది. 'జయ' వరకు రాశాక అతని చెయ్యి ఆగిపోయింది. పెన్ను పడేసి, సిలిండర్ తెచ్చి క్రషింగ్ మెషీన్‌లో పెట్టాడు.

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికొచ్చింది.

"వద్దండీ. షూట్ చేసేస్తాను."

జయరాజు బటన్ నొక్కాడు. కాంక్రీట్ ఫటేల్మని పగిలింది. మధ్యలో స్టీలు గొట్టం మెరిసింది. పిస్టల్ మాత్రం పేలలేదు. సెక్యూరిటీ వాళ్ళు వచ్చి ఆమె చేతులకు బేడీలు వేశారు.

"ఎందుకు కాల్చలేదు?" అన్నాడు జయరాజు.

"మీరు పోతే నాకు తెలుగులో మాట్లాడ్డానికి ఎవరున్నారండీ ఇక్కడ?"

ఆ ఆదివారం అతను ఎవరితోనూ మాట్లాడలేదు. సోమవారం చీఫ్ పిలిచాడు.

"శభాష్! నెక్స్ట్ పోస్టింగ్ న్యూ మెక్సికో. ఇంకో బేస్."

"అక్కడ తెలుగువాళ్ళెవరైనా ఉన్నారా, చీఫ్?"

"ఒకడున్నాడు. అతన్నే నువ్వు పట్టుకోవాలి."