నాలుగో గది తలుపు

స్కార్వెన్ ఓడలో నాలుగో గదికి మంచి పేరు లేదు. వెనకవైపు ఇంజను మనుషులు పడుకునే వరసలో అది ఆఖరి గది. యుద్ధం రోజుల్లో మా నార్వే ఓడల్లో నడుం వాల్చడానికి చోటు దొరకడమే గొప్ప. అలాంటిది ఆ గది మాత్రం ఖాళీగా ఉండేది.

తెల్లవారుజామున పావు తక్కువ నాలుగింటికి ఎవరో ఆ తలుపు కొడతారట. మూడుసార్లు. తీసి చూస్తే... ఎవరూ ఉండరు.

ఇది నాకు హల్వర్ చెప్పాడు. నేను ఓడల్లో వంటవాణ్ణి. ఏది ఉడికిందో ఏది ఉడకలేదో వాసన చూసి చెప్పగలను, మాటైనా సరే. హల్వర్ చెప్పింది నిజమే.

అతను కెనడాలోని హాలిఫాక్స్ రేవులో ఆ ఓడ ఎక్కాడు, ఇంజనుకి నూనె పోసే పనికి. ఖాళీగా ఉంది కదా అని నాలుగో గదే ఇచ్చారు. మిగతావాళ్లు సంగతి చెప్పి భయపెట్టబోతే నవ్వాడు.

"దెయ్యమైతే ఏంట్రా... గురక పెట్టకపోతే చాలు!"

ఆ రాత్రే కాన్వాయ్ బయల్దేరింది. నలభై ఓడలు, జర్మన్ సబ్‌మెరైన్ల కంట పడకుండా ఒక్కదానిలోనూ దీపం లేదు. పక్కనే వెళ్తున్న ఓడ కూడా కనపడదు. ఎవరి చీకటి వాళ్లది.

హల్వర్ కి మెలకువ వచ్చింది. టక్... టక్... టక్.

గడియారం చూశాడు. పావు తక్కువ నాలుగు.

మా ఓడల్లో ఒక పద్ధతి ఉంది. డ్యూటీ దిగబోయేవాడు వచ్చి, ఎక్కాల్సినవాడి తలుపు మూడుసార్లు కొడతాడు. టైము చెబుతాడు. లోపలివాడు "లేచాను" అనేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. లోపలివాడు జవాబివ్వకుండా ఉండకూడదు. "లేచాను" అన్నాక మళ్లీ పడుకోకూడదు.

కానీ హల్వర్ డ్యూటీ ఎనిమిదింటికి. పైగా ఈ కొట్టినవాడు టైము చెప్పలేదు... గొంతే విప్పలేదు.

రెండో రాత్రి మేలుకునే ఉన్నాడు. టక్... అనగానే ఒక్క దూకులో వెళ్లి తలుపు లోపలికి లాగాడు. బయట పొడవాటి నడవా. చిన్న నీలం బల్బు. చల్లటి గాలి మొహానికి కొట్టింది.

మనిషి లేడు.

ఇంక నిద్రెక్కడిది? దుప్పటి మెడదాకా లాక్కుని తెల్లారేదాకా కూర్చున్నాడు. నవ్వంతా ఎటు పోయిందో పోయింది.

పొద్దున్న షూర్ ని పట్టుకున్నాడు. షూర్ యాభై దాటిన మనిషి, మరమ్మతులు చేసేవాడు. పగటి పని కాబట్టి రాత్రుళ్లు అతన్ని పిలిచే అవసరం ఎవరికీ లేదు. ఆ నడవాలోనే ఉన్న భోజనాల గదిలో బల్ల మీదే పడుకునేవాడు.

"నాలుగో గది ఒకప్పుడు నీదేనట కదా బాబాయ్?"

"నాదే."

"ఆ కొట్టేదెవరు?"

షూర్ కప్పు కింద పెట్టాడు.

"అన్ఫిన్," అన్నాడు మెల్లిగా.

తర్వాత చెప్పాడు. యుద్ధం మొదట్లో, ఫ్రాన్సు జర్మన్లకి లొంగిపోయాక, ఆఫ్రికా పడమటి తీరాన ఫ్రెంచివాళ్లు స్కార్వెన్ ని పట్టి ఉంచేశారు. పారిపోకుండా ఇంజను భాగాలు విప్పి ఒడ్డుకి మోసుకుపోయారు. రెండేళ్లకి పైగా అలాగే ఉంది, ఆ తర్వాతే వదిలారు. చాలామందిని లోపలి ఊళ్లలో క్యాంపులకి తోలారు. ఓడని కనిపెట్టుకుని ఉండటానికి కొద్దిమంది మిగిలారు. వాళ్లలో షూర్, అన్ఫిన్ ఇద్దరు.

"వాడికి మలేరియా పట్టింది. జ్వరంలో ఏమనుకునేవాడో... రోజూ పావు తక్కువ నాలుగింటికి వచ్చి నా తలుపు కొట్టేవాడు. 'టైమైంది షూర్, ఇంజను దగ్గరికి పద' అని. ఏ ఇంజనురా? చచ్చిన ఇంజను! అయినా పాపం అనిపించి 'లేచాను' అనేవాణ్ణి."

"మరి?"

"ఒక రాత్రి విసుగొచ్చింది. ఊరుకున్నాను. కొట్టాడు... కొట్టాడు... నేను పలకలేదు." షూర్ గొంతు తగ్గిపోయింది. "పొద్దున్న తలుపు తీస్తే గుమ్మంలోనే ఉన్నాడు, ప్రాణం పోయి. వెళ్లకూడదు కదా... జవాబు వచ్చేదాకా."

నడవాలో ఎవరో నడిచిపోయారు.

"వాడి పెళ్లానికి ఇంకా తెలీదు," అన్నాడు షూర్. "మన దేశం జర్మన్ల చేతిలో ఉంది, ఉత్తరం పోదు. యుద్ధం అయ్యాక అడుగుతుంది... ఆఖర్న పక్కన ఎవరున్నారని."

మూడో రాత్రి హల్వర్ గదిలో పడుకోలేదు. నడవా మూల చీకట్లో కూర్చున్నాడు. పంతం కాదు, ఆ ముసలాయన మొహం చూడలేకపోయాడు.

పావు తక్కువ నాలుగు.

నడవా చివర ఇనప తలుపు తెరుచుకుంది. నాలుగింటి డ్యూటీ వాళ్లని లేపడానికి ఒకడు లోపలికొచ్చి, మలుపు తిరిగి ముందు గదులవైపు పోయాడు. వాడి వెనకే సముద్రపు గాలి దూరింది. నాలుగో గది తలుపుకి బయట కొక్కేనికి పాత లైఫ్ జాకెట్టు ఒకటి వేలాడుతోంది. దాని బెండు ముక్కలు ఊగి... టక్. టక్. టక్.

హల్వర్ నోరు మూసుకుని నవ్వాడు. తలుపు లోపలికి లాగితే జాకెట్టూ తలుపుతోనే వచ్చి వెనక దాక్కుంటుంది! అందుకే ఎవరికీ కనపడలేదు. దాన్ని తీసి పెట్టెలో పడేశాడు. పొద్దున్నే పరిగెత్తుకెళ్లి షూర్ కి చెప్పాడు.

"దెయ్యం లేదు, ఏమీ లేదు బాబాయ్! ఇంక హాయిగా పడుకో."

"అవునా," అన్నాడు షూర్. కాఫీ సగంలోనే వదిలేసి వెళ్లిపోయాడు.

నాలుగో రాత్రి హల్వర్ మొద్దునిద్ర పోయాడు.

టక్... టక్... టక్.

లేచి కూర్చున్నాడు. జాకెట్టు పెట్టెలో ఉంది. పెట్టె తాళం తన జేబులో ఉంది.

టక్... టక్... టక్.

వెళ్లి తలుపు లాగాడు.

షూర్ నిలబడి ఉన్నాడు. పిడికిలి ఇంకా ఎత్తే ఉంది.

"నువ్వా! చంపేశావు కదా బాబాయ్..."

"ఇవాళ ఎవరూ కొట్టలేదురా," అన్నాడు షూర్. కళ్లనిండా నీళ్లు. "టైమైంది, చూశాను... కొట్టలేదు. జాకెట్టని నాకు తెలీదా? అది వాడిదే. అక్కడ తగిలించిందీ నేనే. రోజూ అది కొట్టగానే బల్ల మీంచి 'లేచాను అన్ఫిన్' అంటాను. ఆ రోజు ఇవ్వని జవాబు... పిలుపే లేకపోతే ఎవరికివ్వను?"

హల్వర్ పెట్టె తీశాడు. జాకెట్టు తెచ్చి మళ్లీ ఆ కొక్కేనికే తగిలించాడు. ఆ మనిషి మొహంలోకి మాత్రం చూడలేకపోయాడు.

మర్నాడు తెల్లవారుజామున అది కొట్టింది. భోజనాల గదిలోంచి సన్నగా, "లేచాను అన్ఫిన్," అని వినిపించింది.

దుప్పట్లోంచి హల్వర్ కూడా అన్నాడు, "లేచాను."

అన్నాక పడుకోకూడదు కదా. లేచి వెళ్లి ఇద్దరికీ కాఫీ పెట్టాడు.