తడిక వెనక చెయ్యి

తెనాలిలో మా ఇంటి వెనక గదిలో పడుకుంటాను నేను. రాత్రి భోజనమయ్యాక కోడలు మీనాక్షి చిన్న పళ్ళెంలో నా మాత్రలు సర్ది వెళుతుంది. ఒక్కోసారి మంచినీళ్ళ చెంబు మరిచిపోతుంది. అప్పుడు నేనే లేచి వంటింట్లోకి నడవాలి. మోకాళ్ళు మాట వినవు. ముసలితనంలో సగం పని మాత్రలు మింగడమే. ఆ సంగతి అటుంచండి.

బి.ఎస్సీ. పాసై కొంతకాలం ఖాళీగా తిరిగాక, అరవై ఏడులో నాకు బోదకాళ్ళ సర్వేలో ఉద్యోగం దొరికింది. రేపల్లెలో మా మేనత్త శ్యామలాంబకి ఎడమకాలు బోదకాలు. పెళ్ళిళ్ళకి అందరికంటే ముందొచ్చి కూర్చుని, కుచ్చెళ్ళు కాలి మీదికి లాక్కుని, పందిరి ఖాళీ అయ్యాకే లేచేది. చిన్నప్పుడు అది ఆవిడ పెద్దరికం అనుకునేవాణ్ణి; కాలు దాచుకోవడానికని పెద్దయ్యాక తెలిసింది. అందుకే ఆ ఉద్యోగమంటే నాకు గౌరవంగా ఉండేది.

ఏదో మందుల కంపెనీ కొత్త బిళ్ళ తయారుచేసింది. బాపట్ల అవతల, సరుగుడు తోటలు దాటాక, చేపలు పట్టేవాళ్ళ చిన్న పల్లె ఒకటుంది. బిళ్ళని అక్కడ పరీక్ష చేస్తున్నారు. మా మీద అధికారి డాక్టరు బసవేశ్వరరావు. పల్లెలో రెండు వరసల పాకలు. తూర్పు వరసకి ఎర్ర డబ్బాలో బిళ్ళలు, పడమటి వరసకి తెల్ల డబ్బాలోవి. తేడా ఏమిటని అడిగాను.

"నీ పని వేలు పొడవడం. అది సరిగ్గా చెయ్యి. ఎవరన్నా అడిగితే ఆరోగ్యానికని చెప్పు," అన్నాడు డాక్టరు.

పగలు చేసే పని కాదది. బోద పురుగు పగలంతా ఒంట్లో ఎక్కడో దాక్కుని, లోకం సద్దుమణిగాక నెత్తుట్లోకి వస్తుంది. అందుకని మేమూ రాత్రే వెళ్ళేవాళ్ళం, నేనూ, పెట్రోమాక్సు మోసే బ్రహ్మయ్యా. గాలికి తాటాకు అంటుకుంటుందని అతను దీపాన్ని పాకలకి దూరంగా పెట్టేవాడు. ఎండుచేపల వాసన, కిరసనాయిలు వాసన, సముద్రం హోరు. మొహాలు కనబడేవి కావు. తడిక సందులోంచి ఒక చెయ్యి వచ్చేది. స్పిరిటు రాసి, సూదితో పొడిచి, గాజు పలక మీద చుక్క తీసుకుని, ఆ అరచేతిలో బిళ్ళలు పెట్టేవాణ్ణి.

తూర్పు వరసలో చివరి పాక పేరంటాలు అనే ఆవిడది. భర్త లేడు. ఒక్కడే కొడుకు, సింగయ్య.

"ఏంటి బాబూ ఈ బిళ్ళ?" అని నిలదీసిందొక రాత్రి. "మింగితే చాలు, ఒళ్ళు పెనంలా కాలిపోతంది. పడమటి వరసోళ్ళు హాయిగా పడుకుంటన్నారు. మా వోడికి ఆ తెల్ల డబ్బాలోది ఎయ్యి."

"అలా మార్చకూడదమ్మా."

"ఏం, మీ అత్తోరు పెట్టిన సారెనా అది?"

"మా సారుకింకా పెళ్ళే కాలేదు పిన్నీ," అన్నాడు బ్రహ్మయ్య దూరాన్నుంచి.

"అయితే చేసుకోమను. బిడ్డలు పుడితే తెలుస్తది నా బాధ."

కొడుకేడని అడిగితే, లోపల పడుకున్నాడు, చెయ్యిస్తాడులే అంది. కాసేపటికి తడిక సందులోంచి చెయ్యి వచ్చింది. వల తాళ్ళు లాగి మొరటుదేలిన చెయ్యి. "మింగావా?" అన్నాను. "ఊఁ" అని వినబడింది.

ఆ తర్వాతి నెల వెళ్ళేసరికి వాన వెలిసింది. నేలంతా చిత్తడి. చివరి పాకలో దీపం లేదు.

"సింగయ్యా..."

తడిక కదిలింది. చెయ్యి వచ్చింది. పట్టుకున్నాను. నీళ్ళలోంచి అప్పుడే తీసినంత చల్లగా ఉంది. గోళ్ళలో తడి ఇసక. సూదితో పొడిచాను. నెత్తురు రాలేదు. మళ్ళీ పొడిచాను. చాలాసేపటికి ఒక చుక్క, నల్లగా, నెమ్మదిగా ఊరింది. బిళ్ళలు పెట్టాను. వేళ్ళు ముడుచుకున్నాయి. చెయ్యి లోపలికి పోయింది.

వెనక్కి తిరిగితే సరుగుడు తోట వైపునుంచి సింగయ్య వస్తున్నాడు. భుజాన వల. నీళ్ళు కారుతున్నాయి.

"ఎవురితో మాట్టాడతన్నారు బాబూ? ఇంట్లో ఎవురూ లేరుగా."

"మీ అమ్మ..."

"అమ్మ పోయిందండి. పోయినసారి మీరొచ్చెళ్ళాక జొరం తగ్గలేదు."

బ్రహ్మయ్య పెట్రోమాక్సు తెచ్చి తడిక తీశాడు. చాప, కుండలు. అంతే. లోపలికి వెళ్ళిన అడుగులు గాని, బయటికొచ్చిన అడుగులు గాని లేవు.

సింగయ్య గుమ్మంలో కూలబడ్డాడు. "నేనొక్క బిళ్ళా మింగలేదండి. రేతిరి ఏటకి పోయేవోణ్ణి. ఏలూ అమ్మదే, బిళ్ళా అమ్మే మింగేది. నీకా ఇసం వద్దురా అనేది." అతని కుడి చీలమండ వాచి నున్నగా మెరుస్తోంది. నాకు మా మేనత్త కుచ్చెళ్ళు గుర్తొచ్చాయి.

తెల్లవారి ఆ గాజు పలక డాక్టరు ముందు పెట్టి అంతా చెప్పాను. ఆయన మైక్రోస్కోపులో చూశాడు.

"పురుగులు ఈదుతున్నాయి కదయ్యా. పురుగు బతికుంటే మనిషీ బతికున్నట్టే. నువ్వు మరెవరి వేలో పొడిచావు." తర్వాత కాఫీ తాగుతూ నింపాదిగా చెప్పాడు. ఎర్ర డబ్బాలోది అసలు మందు. తెల్ల డబ్బాలోది ఉత్త పిండి, రెంటికీ తేడా చూడటానికి. జ్వరమొస్తే పురుగులు చస్తున్నాయని అర్థం. "ఇద్దరి మోతాదు ఒక్కతే మింగితే ఆ గుండె ఎలా తట్టుకుంటుంది?"

"ఈ ముక్క వాళ్ళకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే పరీక్ష చెడిపోతుంది. నీకు చెప్పినా నీ మొహంలో తెలిసిపోతుంది. అందుకే నీకూ చెప్పలేదు."

ఆ రాత్రి నేనొక్కణ్ణే ఎర్ర డబ్బా పట్టుకుని వెళ్ళాను. సింగయ్యకి మొత్తం చెప్పాను. జ్వరమొస్తుంది, భయపడొద్దు, ఇది మింగకపోతే కాలు పోతుంది అన్నాను. అతను తలూపి అరచెయ్యి చాచాడు. బిళ్ళ పెట్టాను. నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆగిపోయాడు.

చేతిలో బిళ్ళ లేదు.

కింద వెతికాం. లేదు. ఇంకొకటి పెట్టాను. ఈసారి కళ్ళార్పకుండా చూశాను. మా ఇద్దరి చేతుల మధ్యకి మూడో చెయ్యి... గోళ్ళలో తడి ఇసక...

అరచెయ్యి ఖాళీ.

సింగయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను తడిక వైపు తిరిగాను.

"అమ్మా... అది విషం కాదు. నీ బిడ్డ కాలు నిలబడాలంటే అదే కావాలి. నాకీ సంగతి ఇవాళే తెలిసింది. నాకూ ఎవరూ చెప్పలేదమ్మా."

సముద్రం హోరు కూడా ఆగినట్టనిపించింది. నా చెవి పక్కనే... చల్లగా...

"నీకూ చెప్పలేదా, నాయనా?"

ఆ గొంతులో కోపం లేదు. జాలి. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

మూడో బిళ్ళ పెట్టాను. అది సింగయ్య చేతిలోనే ఉంది. మింగాడు. రాత్రంతా జ్వరం. తెల్లారేదాకా పక్కన కూర్చున్నాను. అతని కాలు నిలబడింది. బిళ్ళ గుట్టు చెప్పేసినందుకు నా ఉద్యోగమే నిలబడలేదు. తర్వాత అంగలకుదురులో పంతులుగా చేరి, పిల్లలకి పురుగుల గురించి పాఠాలు చెప్పుకుంటూ రిటైరయ్యాను. అలసిపోయాను. అంతా మరిచిపోదామనే అనుకున్నాను.

మాత్రల సంగతి అటుంచమన్నాను కదా, ఇప్పుడు చెబుతాను. ఒకటి బి.పి.కి, ఒకటి షుగరుకి, ఒకటి నిద్రకి. ఈ మధ్య కొత్తగా ఇంకొకటి చేర్చారు, పసుపుపచ్చది. ఎందుకని అడిగితే, "వేసుకోండి తాతగారూ, అవన్నీ మీకెందుకు?" అన్నాడు ఇక్కడి కుర్ర డాక్టరు.

చెంబు కోసం వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి మిగతావన్నీ పళ్ళెంలోనే ఉంటున్నాయి. ఆ పసుపుపచ్చది ఒక్కటే ఉండటం లేదు. మతిమరుపంటుంది మీనాక్షి. కావచ్చు.

కానీ నిన్న రాత్రి పళ్ళెం అంచున కాస్త తడి ఇసక ఉంది. దాని పక్కనే, సూదితో పొడిచి తీసినంత, ఒక్క చుక్క నెత్తురు. ఇంకా ఆరలేదు.