ఊరి గాదెకు కాపలా

పిల్లలూ, ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. మా ఆయన పోయిన తరువాత మనవరాలి పలక మీద దిద్దుకున్నాను. ఒత్తులు తప్పిపోతుంటాయి. ఒక మాట రాసి, కాసేపు ఆగి, ఇంకో మాట రాస్తాను. తప్పులుంటే మన్నించండి. రత్నాలక్క నోట ఎన్నోసార్లు విన్న కథే ఇది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

మధ్యాహ్నం వాన వెలిసింది. పదేళ్ళ రత్నాలు వెదురు కర్ర పట్టుకొని కోళ్ళను తోలుతోంది.

"ఉష్! ఉష్! పొండి! మీకు పెట్టిన గాదె కాదిది!"

ఆ గాదె చింతగరువు ఊరి నడుమ, నాలుగు రాళ్ళ మీద నిలబడి ఉండేది. వెదురుతో అల్లి, చుట్టూ పేడా మట్టీ మెత్తారు. మోకాలి ఎత్తున చిన్న కంత ఉంది. దానికి గడ్డి చుట్టతో బిరడా. బిరడా లాగితే చోళ్ళు జలజలా రాలతాయి. చోళ్ళంటే మీరు రాగులంటారు, అవే.

అది ఏ ఒక్కరి గాదె కాదు. ఊరందరిదీ. కిందటి పంటకు ప్రతి ఇల్లూ ఒక కుంచం చోళ్ళు తెచ్చి అందులో పోసింది. ఆషాఢం వచ్చి, కుండ ఖాళీ అయిన వాళ్ళు ఒక అడ్డ, అంటే కొలత గిన్నెడు, కొలుచుకొని వెళ్ళవచ్చు. తమ పంట వచ్చాక వీలైనంత తిరిగి పోయాలి.

ఈ ఆలోచన రత్నాలు వాళ్ళ అవ్వది. పంతొమ్మిది వందల ఇరవై అయిదో ఏడాది ప్రాంతం అది. అప్పటికి తిరుగుబాటు అణచడానికి కొండల్లోకి వచ్చిన పోలీసులు తిరిగి వెళ్ళి ఎన్నాళ్ళో కాలేదు. రోడ్డు పనికని సర్కారు వాళ్ళు మనుషులను పట్టుకుపోయేవారు. ఎవరైనా కొత్త మనిషి కనబడితే ఊళ్ళో తలుపులు మూసేవారు. అలాంటి రోజుల్లో అవ్వ గాదె మాట ఎత్తితే ఎవరు నమ్ముతారు?

"ఒక్కసోట పోగెడితే ఎలకలకి సులువు. సిస్తుకొచ్చే ముఠాదారు మనుసులకి మరీ సులువు" అన్నాడు పొరుగింటి మంగ్లు మావ. "అయినా, ఎవుడెంత తీసినాడో ఎలగ తెలుస్తాది?"

"తెలవక్కర్నేదు" అంది అవ్వ.

"సూసినారా! ముసిల్దానికి మతి పోనాది!"

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు.

"ఇటుకల పండక్కి ఊళ్ళో ఇత్తనాలన్నీ ఒక్క బుట్టలో కలిపి, దేవుడి ముందెట్టి, మళ్ళీ పంచుకుంటాం కదా. అప్పుడు ఏ గింజ ఎవుడిదని అడుగుతన్నామేటి? ఇదీ అలగే. కరువేడు సివరింటి ముసిలోడు ఎలగ పోనాడో మర్సిపోనారా? పొరుగింట్లో సోళ్ళున్నాయి. అడగడానికి సిగ్గుపడి తలుపేసుకున్నాడు. మనం తలుపు తీసేసరికి ఏటుంది?"

ఇక ఎవరూ నవ్వలేదు. గాదె కట్టారు. అవ్వ ఒక్క నియమం పెట్టింది. గాదె దగ్గరికి ఎవరు వచ్చినా, చుట్టుపక్కల వాళ్ళు మొహం తిప్పుకోవాలి.

"సూడకపోతే నా కాపలా ఏటే అవ్వా?" అంది రత్నాలు.

"నిన్ను కోళ్ళకి కాపలా పెట్టినాను. మనుసులకి కాదు."

అవ్వ చెప్పింది కాని, రత్నాలు కళ్ళు ఊరుకోవుగా.

ఆ మధ్యాహ్నం కనక వచ్చింది. కనక ఆ ఊరిది కాదు. ఏటి అవతలి నుంచి వచ్చింది. రోడ్డు పనికి పోయిన మొగుడు జ్వరంతో అక్కడే పోయాడు. ఇటుకల పండగ అయిన కొన్నాళ్ళకు, కూతురి చెయ్యి పట్టుకొని వచ్చి, ఊరి చివర గుడిసె వేసుకుంది. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. అందుకే ఊరు ఆమెను ఓరకంట చూసేది.

కనక చీర కొంగు కింద నుంచి అడ్డ తీసింది. రత్నాలు మొహం తిప్పుకుంది, కళ్ళు మాత్రం తిప్పుకోలేదు. చోళ్ళు రాలాయి. కనక బిరడా పెట్టి, పేడ మట్టి మెత్తి, గబగబా వెళ్ళిపోయింది.

వెంటనే గోడ చాటు నుంచి సుక్రు వచ్చాడు. వాడు రత్నాలు మేనత్త కొడుకు. వాడి కళ్ళూ ఊరుకునేవి కావు.

"మళ్ళీ వొచ్చినాదా?"

"మళ్ళీ వొచ్చినాది."

"మొన్ననే పట్టుకెల్లినాది కదే!"

"అదే సూస్తన్నాను. ఒరే, ఆళ్ళ గుడిసెలోంచి పొగ రాదు. కనిపెట్టినావా?"

మా కొండల్లో ఎవరింట్లో పొయ్యి వెలిగిందో దూరం నుంచే తెలుస్తుంది. గడ్డికప్పు లోంచి పొగ సన్నగా బయటికి వస్తుంది. కనక గుడిసె మీద పొద్దునా లేదు, సాయంత్రమూ లేదు.

"వొండకుండా సోళ్ళేటి సేత్తంది?" అన్నాడు సుక్రు. "పచ్చివే నమిలెత్తందేమో, మేకనాగ!"

ఇద్దరూ నవ్వుకున్నారు. రత్నాలు ముందు నవ్వు ఆపింది.

"రోజూ పొద్దున్నే బుట్ట నెత్తినెట్టుకొని సంత దారిన ఎల్తంది. నాను సూసినాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అమ్మేత్తంది!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఆ రోజు అవ్వ జ్వరంతో పడుకొని ఉంది. రత్నాలు మంగ్లు మావ దగ్గరికి పరుగెత్తింది. మంగ్లు మావకు అంతకంటే ఏం కావాలి? "నానప్పుడే సెప్పినాను!" అంటూ నలుగురిని వెంటబెట్టుకొని బయలుదేరాడు.

సాయంత్రం కనక దారి మలుపు తిరిగేసరికి గుడిసె ముందు జనం నిలబడి ఉన్నారు. ఆమె కూతురు, చిన్న గుంట, తల్లి చీర పట్టుకొని వెనక దాక్కుంది.

"బుట్ట దింపు" అన్నాడు మంగ్లు మావ.

కనక దింపింది. బుట్టలో, లేని రోజుల్లో అంబలి కాచుకునే మామిడి టెంకలున్నాయి. అడవి దుంపలున్నాయి. చోళ్ళు లేవు.

"గింజలేవి? సంతలో అమ్మేసినావా?"

"నాను అమ్మనేదు బాబూ."

"తిన్నావా?"

కనక తల అడ్డంగా ఊపింది.

"తిననేదు, అమ్మనేదు. మరేటి సేసినావు?"

కనక బెదిరిన చూపుతో అందరినీ చూసి తల దించుకుంది.

"రేపటి నుంచి గాదె కాడికి రాకు" అన్నాడు మంగ్లు మావ. తిరిగి వెళ్తూ రత్నాలు తల నిమిరాడు. "తెలివైన గుంట!"

రత్నాలు ఆ పూట అంబలి రెండు దొప్పలు తాగింది. అంత సంబరంగా ఉంది.

పొద్దున్నే ఈ సంగతి అవ్వకు తెలిసింది. తిట్టలేదు. మంచం మీద నుంచే అడిగింది.

"ఆ మనిసి అమ్మడం నువ్వు సూసినావా?"

"పొగ రాదు కదే అవ్వా."

"పొగ రాకపోడం సూసినావు. అమ్మడం సూసినావా?"

రత్నాలుకు కోపం వచ్చింది. కర్ర తీసుకొని గాదె దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఇప్పుడు దొంగతనంగా కాదు, నేరుగానే చూడసాగింది. ఎవరు వచ్చినా తల నుంచి కాళ్ళ దాకా చూసేది.

ఒక ముసలమ్మ వచ్చింది. కొంగు కింద అడ్డ గుండ్రంగా కనబడుతోంది. రత్నాలు చూపు చూసి ఆగిపోయింది.

"కోళ్ళు మరీ ఎక్కువైపోనాయి కదే" అంది.

"అవును" అంది రత్నాలు.

ముసలమ్మ అడ్డ బయటికి తియ్యకుండానే వెనక్కి వెళ్ళిపోయింది. ఆమె ఎందుకు వచ్చిందో, ఎందుకు వెళ్ళిందో రత్నాలు ఆలోచించలేదు. ఆ తరువాత గాదె దగ్గరికి ఎవరూ రాలేదు. మట్టి మెత్తిన చోట ఎండి బీటలు పడింది.

"సూసినావా, నా కాపలాకి దొంగలు రావడం నేదు" అంది సుక్రుతో.

కొన్నాళ్ళకు ఒక పొద్దున రత్నాలు వాళ్ళ మేక తాడు తెంపుకొని సంత దారిన పరుగెత్తింది. రత్నాలు వెంటబడింది. మేక దారి వదిలి కొండ వాలుకు ఎక్కింది. పైన ఎవరో చిన్న గొంతుతో అరిచారు.

"పో! పో! ఓలమ్మో, మేక!"

అక్కడ పొదలు కొట్టి చదును చేసిన చిన్న నేల చెక్క ఉంది. నేలంతా వేలెడు పచ్చటి మొలకలు. మేక అందులో మూతి పెట్టబోతోంది. కనక కూతురు దాని చెవి రెండు చేతులతో పట్టుకొని వేలాడుతోంది. మేక ఆ గుంటను ఈడ్చుకుపోతోంది. అయినా చెవి వదలడం లేదు.

రత్నాలు మేకను లాగి చెట్టుకు కట్టింది. తిరిగి మొలకల వైపు అడుగు వేసింది.

"తొక్కీకు!" అని అరిచింది గుంట. "గాదె సోళ్ళు అవి!"

రత్నాలు కాలు గాలిలోనే ఆగింది.

"గాదెవా?"

"ముందు జల్లినవి పిట్టలు తినేసినాయి. అమ్మ మళ్ళీ తెచ్చి జల్లినాది. ఇవి పండినాక మీ గాదెలో పోసేస్తామట. అప్పుడు ఎవులూ బుట్ట దింపమనరట."

పక్కన మూడు రాళ్ళ పొయ్యి ఉంది. బూడిద ఇంకా వెచ్చగా ఉంది. కనక దుంపలు తవ్వడానికి అడవిలోకి వెళ్ళింది. వాళ్ళు పొద్దస్తమానం ఇక్కడే ఉండి పిట్టలను తోలేవారు, ఇక్కడే వండుకునేవారు. ఊళ్ళో గుడిసె మీద పొగ ఎక్కడి నుంచి వస్తుంది?

"మరి మీరేటి తింతన్నారు?"

గుంట ఆకు దొప్ప ముందుకు జరిపింది. ఉడికిన దుంప ముక్క ఒకటుంది. అడవి దుంపను ఏట్లో నానబెడితే గాని చేదు పోదు. అయినా కొంచెం మిగులుతుంది. గుంట దాన్ని విరిచి, పెద్ద ముక్క రత్నాలుకు ఇచ్చింది.

"తిను. సేదుగుంటాది. బేగి మింగీ."

రత్నాలు నోట్లో పెట్టుకుంది. మింగడానికి చాలాసేపు పట్టింది.

"మీ అమ్మ ఆ రోజు సెప్పనేదేటి?"

"పండగ ఇత్తనం కాదు కదా. తెలిస్తే ఊళ్ళోంచి తోలేస్తారట." గుంట చటుక్కున నోరు మూసుకుంది. "నువ్వు సెప్పీకు!"

రత్నాలుకు అప్పుడు తెలిసింది. పండగలో పంచిన విత్తనమే నేలలో పడాలన్నది ఊరి కట్టు. గాదె గింజను ఎవరైనా జల్లుతారని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఇంట్లో పొయ్యి వెలగకపోతే, బుట్ట బయటికి వెళితే, అమ్మకమే అనుకుంది.

మేకను ఈడ్చుకొని అవ్వ దగ్గరికి పరుగెత్తింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. అవ్వ కర్ర పట్టుకొని లేచింది. జ్వరం ఇంకా పూర్తిగా తగ్గలేదు. నేరుగా మంగ్లు మావ వాకిట్లోకి వెళ్ళి, పదిమందిని పిలిపించింది.

"పండగ ఇత్తనం కాని గింజ జల్లినాదా!" మంగ్లు మావ లేచి నిలబడ్డాడు. "ఇంకేటుంది, వాన ఎనక్కి పోతాది! మన పంటలు కూడా..."

అతను మాట ముగించకుండానే టపటపా చినుకులు పడ్డాయి. అందరూ చూరు కిందికి దూరారు.

"పోనాదేటి వాన?" అంది అవ్వ.

మంగ్లు మావ తుండుగుడ్డ నెత్తి మీద వేసుకున్నాడు.

"మనం ఇత్తనాలు పంచుకున్నాక వొచ్చినాది ఆ మనిసి" అంది అవ్వ. "ఆకలికి గాదె సూపించినాం. ఇత్తనం ఒక్క గుప్పెడు ఇయ్యాలని ఒక్కరికి తోచిందేటి? నాకూ తోచనేదు. దేవుడి ముందు నాను నిలబడతాను. ఆ చెక్క జోలికి ఎవులూ ఎల్లొద్దు."

"పంటొచ్చినాక సూద్దాం. పోస్తాదో, ఎగ్గొడతాదో" అని గొణిగాడు మంగ్లు మావ. అతను పూర్తిగా నమ్మలేదు. కాని అవ్వకు అడ్డం రాలేదు.

అవ్వ వానలోనే కనక గుడిసెకు వెళ్ళింది. గాదె ఎప్పటిలాగే నీదీ అని చెప్పి వచ్చింది.

మర్నాడు రత్నాలు గాదె ముందు కూర్చుంది. దారి మలుపులో కనక కనబడింది. వెంట కూతురు ఉంది. కనక నాలుగడుగులు వేసింది. రత్నాలును చూసి ఆగింది. కొంగు కింద అడ్డను ఇంకా లోపలికి లాక్కుంది. అచ్చం ఆ ముసలమ్మ లాగే వెనక్కి తిరగబోయింది.

రత్నాలుకు కోళ్ళ మాట చెప్పి వెళ్ళిపోయిన ముసలమ్మ గుర్తుకొచ్చింది. చివరింటి ముసలాయన మూసుకున్న తలుపూ గుర్తుకొచ్చింది.

లేచింది. తను కూర్చునే రాయిని రెండు చేతులా దొర్లించింది. గాదెకు వీపు, కొండకు మొహం పెట్టుకొని కూర్చుంది. తను చూడడం లేదని వాళ్ళకు ఎలా తెలుస్తుంది? కర్రతో నేల మీద గట్టిగా కొట్టింది.

"ఉష్! ఉష్! పొండి!"

ఎదురుగా ఒక్క కోడీ లేదు. అయినా అరుస్తూనే ఉంది.

వెనక అడుగుల చప్పుడైంది. బిరడా లాగిన చప్పుడు. జలజలా చోళ్ళు రాలుతున్నాయి. ఎంత రాలాయో చూడాలని మెడ ఒకసారి లాగింది. రత్నాలు ఇంకా గట్టిగా అరిచింది.

"ఉష్! ఉష్!"

చిన్న గుంట వచ్చి ఆమె పక్కన రాయి మీద సర్దుకుంది. కోళ్ళెక్కడా అని అటూ ఇటూ చూసింది. ఏమీ కనబడలేదు. అయినా తనూ గొంతు కలిపింది.

ఆ ఆషాఢమంతా వాళ్ళిద్దరూ కొండ వైపు చూస్తూ, లేని కోళ్ళను తోలారు. ఆ ముసలమ్మ కూడా వచ్చింది. రత్నాలు వెనక్కి చూడలేదు. ఎవరి అడుగులో తెలిసినా పేరు చెప్పలేదు.

ఆ రాయి మీద పక్కన కూర్చున్న గుంటను నేనే.

కనక కూతురు గంగ
వయసు అరవై తొమ్మిది
ఇప్పుడు ఉంటున్నది హుకుంపేటలో, మనవరాలి దగ్గర